రాతిబాటకు తలంటు

ఆ రోజుల్లో మా కోనసీమలో రాయి అంటే దేవుడే. ఎంత తవ్వినా ఒండ్రుమట్టి తప్ప గులకరాయి తగలని నేల మాది. రాయిని గుళ్ళో చూడాలి, లేదా వంటింట్లో రుబ్బురోలుగా చూడాలి (దానికీ పండగపూట పసుపు కుంకాలు తప్పవు). అలాంటిది, గోదావరికి ఆనకట్ట కడుతున్న కాలంలో, కొత్తపేట దగ్గర మా రేవులో పడవల నిండా రాళ్ళు దిగాయి. ఊరంతా గట్టున నిలబడి నోళ్ళు తెరుచుకుని చూసింది. అంతమంది దేవుళ్ళను ఒక్కసారిగా చూడటం నాకూ అదే మొదలు.

వానాకాలంలో రేవు ఏటవాలు మీద ఎడ్లు జారి కాళ్ళు విరగ్గొట్టుకునేవి. అక్కడ రాతిబాట వేయించడానికి ఒక దొరగారు వచ్చారు. మూడు రకాల రాళ్ళు పక్కపక్కన పరిపించి, నీళ్ళు పోయించి, లాడాలు కొట్టిన ఎద్దును ఎక్కించి, ఏది జారదో తేలుస్తామన్నారు. నేను కొత్తగా కొలువులో చేరిన మేస్త్రీని. మీసం పలచనే గాని అభిప్రాయాలు దట్టంగా ఉండేవి. "నల్ల కొండరాయి జారదండీ, నాదీ పూచీ" అనేశాను. దొరగారు నవ్వలేదు. "జారితే నువ్వు ఇంటికి" అన్నారు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. నన్ను పెంచిన మేనత్త కారణం అడిగి తెలుసుకుని కంచం తీసేసింది.

పరీక్షనాడు గులకరాళ్ళ మీద ఎద్దు మోకాళ్ళ మీద కూలబడింది. ఎర్రకంకర మీద నిలిచింది గాని, కంకరే నలిగి బురదైంది. ఇక నల్లరాయి. నీళ్ళు పోయగానే తళతళలాడింది (నీళ్ళ మెరుపే అనుకున్నాను). దాని మీద ముచ్చటపడి ఎద్దుకంటే ముందు దొరగారే బూట్లతో ఎక్కారు. ఎంత గంభీరంగా ఎక్కారో అంత వేగంగా, కూర్చున్న భంగిమలోనే కిందికి వచ్చేశారు. టోపీ ఆయనకంటే ముందే చేరింది. నా కొలువు గోదాట్లో కలిసిందనుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి దొరగారు అరచేయి వాసన చూసుకుంటున్నారు.

"కొబ్బరినూనె?"

జనంలోంచి మేనత్త ముందుకొచ్చింది. "ఆయ్, నేనే పోసేనండీ. మావాడి రాయి గెలవాలని మొక్కుకుని, తెల్లారగట్ల అభిషేకం చేసేనండీ."

దొరగారు ఆవిణ్ణీ రాళ్ళనూ మార్చి మార్చి చూశారు. "ఈ నూనె పోతుందా?"

"ఎందుకు పోదండీ? తలంటుకున్నాక జిడ్డుతో తిరుగుతామేంటండీ?"

ఆడవాళ్ళంతా చేటలతో కుంకుడుకాయలు తెచ్చారు. దంచి, నురగ తీసి, ఒక్కొక్క రాయినీ చంటిపిల్లాడిలా రుద్ది కడిగారు. మళ్ళీ నీళ్ళు పోశారు. ఎద్దు కాలు పెట్టింది. టక్, టక్, టక్. లాడం రాతిని తాకే చప్పుడు మా నేల ఎన్నడూ విని ఎరుగదు. ఎద్దు ఎక్కడా తడబడకుండా పైకి చేరేసరికి ఊరంతా చేతులెత్తి మొక్కింది. దొరగారు కూడా టోపీ తీసేశారు.

"అమ్మా, ఇంక నూనె వద్దు" అన్నారు వెళ్తూ.

"ఆయ్, దీపానికే పోస్తానండీ" అంది మేనత్త.

ఆవిడ పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ ఆ ఏటవాలు నల్లరాతిబాట ఎక్కేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుంటాను. ముసలాడికి జారిపడతానని భయం కాబోలని కుర్రాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. మా అత్త తలంటిన రాయి మీద చెప్పుకాలు పెట్టడం నా వల్ల కాదు.