మామ పెంచిన స్టేడియం గడ్డి

ఫుట్‌బాల్ అభిమానులు, చరిత్రకారులు, గోల్‌కీపర్లు నన్ను పెద్దమనసుతో మన్నించాలి. మస్కట్‌లోని ఒక స్టేడియం చరిత్ర రాయబోతూ ఒక్క గోల్ గురించి కూడా చెప్పలేకపోతున్నాను. మా మేనమామ పోయాడని మొన్న జగిత్యాల నుంచి ఫోనొచ్చింది. నాకు తెలిసిన చరిత్రంతా ఆయన చెప్పిందే. ఆయన చెప్పిందంతా గడ్డి గురించే.

ఎనభైల చివర్లో కాంక్రీటు మోయడానికి ఆ సైట్‌కు వచ్చాడు. మెట్లు లేచాయి, స్తంభాలకు లైట్లు పడ్డాయి, తోటివాళ్లను కంపెనీ వేరే సైట్లకు పంపేసింది. మామ మాత్రం వరి పండించినవాణ్ణని ఫోర్‌మన్‌ను ఒప్పించి గడ్డి పనికి ఉండిపోయాడు. దేశం కాని దేశంలో, కాస్త పచ్చగా ఉన్న డ్యూటీ అదొక్కటే.

తొంభైల్లో నేనూ అక్కడే టైమ్‌కీపర్‌గా చేరాను. అంటే, ఎండలో పనిచేసేవాళ్ల హాజరు నీడలో కూర్చుని రాసే డిగ్రీ మేధావిని.

ఆటగాళ్లు మేకుల బూట్లతో దిగుతుంటే మామ మొహం తిప్పుకునేవాడు.

“పదకొండు మంది తొక్కితేనే ఆట, మామా.”

“ఇర్వై ఇద్దరురా అల్లుడా. నువ్వు హాజరెట్ల రాస్తున్నవ్?”

పెద్ద మ్యాచ్ రోజు తెల్లారేసరికి గోలు ముందంతా బురద. నాట్లేయొచ్చు. ఫోర్‌మన్ మమ్మల్ని వరసగా నిలబెట్టి, నీళ్లు వదిలిందెవరని అరిచాడు.

“హమ్ ఛోడా సాబ్, ఖేత్ సమజ్‌కే,” అన్నాడు మామ. పొలమనుకుని వదిలాడట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వారం తిరక్కుండా ఆయన్ను అల్ హైల్ సైట్‌లో సిమెంటు కలపడానికి పంపారు. మళ్లీ గడ్డి పనికి పిలవలేదు. శుక్రవారం సెలవుకు రూవిలోని మా రూమ్‌కొస్తే అందరి ముందూ ఒక్కటే అడిగేవాడు: “గోలు కాడ పచ్చవడ్డదా?”

“పడ్డది మామా.”

“నీళ్లు తక్కువ వెట్టుమను,” అనేవాడు, నా వైపు చూడకుండా.

ఇక నేను చేసిందొక్కటి చెప్పి ఆపేస్తాను. మ్యాచ్ ముందురోజు మామకు జ్వరం. హాజరు పోకుండా నేను రిజిస్టర్లో ఉన్నాడని రాస్తే, ఆయన డాక్టరు దగ్గరికి పోయాడు. పోతూ పోతూ, “అస్ర్ బాంగు ఇనవడంగనే నీళ్లు బంద్ జెయ్యి” అన్నాడు. గేటు బయట చాయ్ తాగుతూ, మసీదు నుంచి ఆ సాయంత్రం నమాజు బాంగు మొదటినుంచి చివరిదాకా విన్నాను. అది ఆగాక, గోడ అవతల పైపు పారుతున్న చప్పుడూ విన్నాను. ఇంకో చాయ్ చెప్పాను.