కోట ఫొటోలాయన ఫొటో

రేవుకు కాపలాగా సముద్రంలోకి మూతి చాచుకుని ఒక పాత కోట ఉంది. దాని ముందు మనుషుల్ని నిలబెట్టి ఫొటోలు తీసే ఆయన్ని ఊరంతా కోట ఫొటోలాయన అనేది. కొత్త జంటలొచ్చినా, ఓడ దిగినవాళ్ళొచ్చినా ఫిరంగి పక్కన నిలబెట్టి, "కాస్త నవ్వండి, కోటేం కూలిపోదు" అనేవాడు. అంతమందిని తీసిన మనిషి పోయాక, గోడకు పెట్టుకుందామంటే ఆయనది సరైన ఫొటో ఒక్కటీ లేదు. ఎవరైనా ఫోను ఎత్తితే చాలు, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టేసేవాడు. పెళ్ళినాటి ఫొటో వానకు తడిసి, సరిగ్గా ఆయన ముఖమున్నచోటే ఊడిపోయింది. మిగిలింది గుర్తింపు కార్డు మీది బొమ్మ.

"నిద్రలో లేపి తీసినట్టున్నాడు అన్నయ్య. ఇది పెడితే వచ్చినవాళ్ళు జడుసుకుంటారు," అంది ఆడపడుచు.

ఆయన భార్య నవ్వలేదు. గోడకు మేకు కొట్టి ఉంచింది. పొయ్యి దగ్గర నుంచి తలెత్తినప్పుడల్లా ఆ ఉత్త మేకే కనబడేది.

"కోట దగ్గరివాళ్ళు ఎప్పుడైనా ఒకటి తీసుంటారేమో, అడిగొద్దాం పద," అంది చివరికి. ఆడపడుచు అన్నయ్య కెమెరా కూడా మెళ్ళో వేసుకుంది.

పెరటిచెట్టు మందుకు పనికిరాదన్నట్టు, పెళ్ళయిన దగ్గర నుంచీ ఆ పక్కనే కాపురమున్నా ఆవిడ కోటలో అడుగుపెట్టలేదు. "ఏముందక్కడ, రాళ్ళూ గాలీ" అనేవాడాయన. కాబోలు అనుకునేది.

గేటు దగ్గర టికెట్లు చింపే ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "మేమందరం ఆయన ముందు నిలబడ్డవాళ్ళమే చెల్లెమ్మా. ఆయన్ని నిలబెడదామంటే, 'నన్నెవరు కొంటారయ్యా' అని తప్పించుకునేవాడు. వచ్చారు కదా, లోపల చూసి వెళ్ళండి."

ఆవిడ ఉసూరుమంటూ లోపలికి నడిచింది. సాయంకాలపు ఎండ రేవు మీది నుంచి ఏటవాలుగా పడి, కోటగోడ తేనెరంగుకు తిరిగింది. గోడ కింది ఇరుకు నీటిదారిలో ఒక పెద్ద ఓడ, పిల్లిలా చప్పుడు లేకుండా రేవులోకి వస్తోంది. ఆవిడ కొంగు ఎగిరిపోతున్నా పట్టించుకోలేదు.

"చూశావా మీ అన్నయ్యని! ఇంత అందం రోజూ ఒక్కడే మింగి, ఇంటికొచ్చి రాళ్ళూ గాలీ అనేవాడు."

"పెళ్ళాం ఇక్కడికొచ్చి కూర్చుంటే వంట ఎవరు చేస్తారు వదినా?" అని ఆడపడుచు కెమెరా ఆవిడ చేతిలో పెట్టి, ఫిరంగి పక్కన నిలబడి, "ఊఁ, తియ్యి నన్ను" అంది.

ఆవిడ భయపడుతూ మీట నొక్కింది. తీరా చూస్తే ఆడపడుచు కాళ్ళ దగ్గర నల్లగా, పొడుగ్గా ఒక నీడ. కొప్పుతో సహా తనదే.

"అయ్యో, పాడుచేశాను!"

గేటు మూద్దామని వచ్చిన ముసలాయన తొంగిచూశాడు. "ఆయనవీ అంతేగా! ఎండ వీపున పడేట్టు నిలబడితేనే గోడ మెరుస్తుందనేవాడు. అప్పుడు నీడ పడక ఛస్తుందా? ప్రింటు వేసేచోట కింద ముక్క కోయించేసేవాడు."

ఆవిడ కెమెరా వైపు చూసింది. "మరి కొయ్యకముందువి?"

"అందులోనే ఉండాలి మరి."

ఇద్దరూ అక్కడే గోడ మీద కూలబడి ఒక్కొక్కటే వెనక్కి జరిపారు. ప్రతిదాంట్లో ఎవరో మనుషులు, వాళ్ళ వెనక కోట, కాళ్ళ దగ్గర ఆయన. టోపీ పక్కకి వాలి, ఎడమ మోచెయ్యి కోడిరెక్కలా పైకి లేచి ఉంది. అన్నం తినేటప్పుడూ ఆ చెయ్యి అలాగే లేచేది, పక్కన కూర్చున్న ఆవిడకి తగిలేది. ఎన్నిసార్లు విసుక్కుందో. ఇప్పుడు ఆ మోచెయ్యిని వేలితో నిమిరింది.

ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. "ఇది చూడు వదినా, ఇందులో బొజ్జ కూడా పడింది."

ఈసారి ఆవిడ నవ్వింది. ఆయన పోయాక అదే మొదటిసారి.

అన్నిట్లోకీ నీడ నిండుగా ఉన్నది ఏరి పెద్దది చేయించింది. కింద వెంట్రుకవాసి కూడా కొయ్యొద్దని మరీమరీ చెప్పింది. ఇప్పుడు మేకు మీద అదే ఉంది. ఎవరో కొత్త జంట, ఆ పిల్ల పగలబడి నవ్వుతోంది. ఇంటికొచ్చినవాళ్ళు ముచ్చటపడి, "మీ అమ్మాయీ అల్లుడూనా?" అంటారు.

"ఏమో, వాళ్ళెవరో నాకు తెలీదండీ," అంటుందావిడ తీరిగ్గా. "ఆ పిల్ల కాళ్ళ దగ్గరున్నాడే, ఆయన మా ఆయన."