మామ కారుకు ఆముదం

బాగేపల్లిలో మా మామ పోయారని శుక్రవారం పొద్దున కబురొచ్చింది. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. చింతామణిలో పట్టుగూళ్ళ వ్యాపారం చేసేవారు. కబురు తెచ్చినాయన మామ పేరు చెప్పలేదు. "టాపుకారాయప్ప పోయినాడమ్మా" అన్నాడు. అంతే చాలింది మాకు.

యుద్ధం ముగిసిన కొత్తల్లో, సీమకు వెళ్ళిపోతున్న ఒక తెల్లదొర దగ్గర మామ ఆ కారు కొన్నారు. మీట నొక్కితే వెనక మడతపడి ఉన్న గుడ్డ టాపు దానంతటదే లేచి నెత్తిమీదికి వచ్చేది. సీటు వెనక చిన్న పంపు, డబ్బాలో బ్రేకు నూనె, ఆ నూనె తోపుకు రెండు పక్కలా పైకి లేచే ఇనుప కడ్డీలు. ఆదివారమొస్తే మామ కడ్డీలు తుడిచి, నూనె మట్టం చూసి, వీధి వీధంతా చూస్తుండగా టాపును లేపి దించేవారు.

"మనిషైనా టాపైనా కదలకుంటే కీళ్ళు పట్టుకుంటాయప్పా" అనేవారు.

"నా మోకాళ్ళకు ఒక్కనాడన్నా ఇంత చాకిరీ చేసింటివా?" అని లోపలినుంచి అత్త.

టాపు తడిగా ఉంటే మాత్రం మడవనిచ్చేవారు కారు. తడిగుడ్డనూ కోపాన్నీ మడిచి దాచకూడదట, బూజు పడతాయట.

నా తొలి కాన్పు పరగోడులో, మా అమ్మ దగ్గర. నొప్పులు మొదలయ్యాక, బిడ్డ అడ్డం తిరిగింది, చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి తీసుకుపొమ్మంది మంత్రసాని. మామ, అత్త కారు తెచ్చారు. సగం దారిలో వాన పట్టుకుంది. మీట నొక్కితే టాపు మోకాలెత్తు లేచి ఆగిపోయింది. చేత్తో తోస్తే లేవదు, దిగదు. అలాగే నడిపితే గాలికి చినిగిపోతుంది. మామ దిగి చూస్తే, గొట్టం అతుకు వదులై నూనెంతా కారిపోయింది.

"మబ్బు పట్టింటే మూత తెరుచుకోని వస్తివే" అంది అత్త.

"బిడ్డకు గాలాడల్లని." ఆయన చూపు అత్త సంచి మీద పడింది. పుట్టబోయే బిడ్డ మాడుకు పెట్టాలని అత్త తెచ్చిన ఆముదం సీసా అందులో ఉంది.

"అది బిడ్డదయ్యా."

"బిడ్డ కోసరమే అడగతాండాను. బ్రేకు నూనెలో సగం ఆముదమేనంట. ఇట్లియ్యి."

తలపాగా విప్పి, అంచు చింపి అతుకు బిగించి, సీసా మొత్తం పంపు డబ్బాలో ఒంపారు.

"మామా, ఈడే కనేట్టుండాను" అన్నాను.

"కొంచేపు ఓర్చుకోమ్మా. ఇది కూడా నీ మాదిరే మూలగతాండాది. వచ్చేస్తాది."

అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. టాపు కిర్రుకిర్రుమంటూ లేచింది. మామ దాన్ని ముందరి అద్దానికి బిగించి కారు తోలారు. గుడ్డ మీద వాన చప్పుడు. కాసేపటికి వెనక అతుకులోంచి నూనె చిమ్మితే అత్త కొప్పు తడుముకుని, "లోపల వాన నిలిచిందిలే, ఇప్పుడు ఆముదం కురస్తాండాది" అంది.

డాక్టరమ్మ బిడ్డను సరిచేసింది. మధ్యాహ్నానికి కూతురు పుట్టింది. నర్సమ్మ బిడ్డను వరండాలోకి తీసుకుపోయి, "ఎత్తుకోండప్పా" అంది. తలుపులోంచి నాకు కనిపిస్తూనే ఉంది. మామ మోచేతుల దాకా మసిపట్టిన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. తలపాగా లేని తడితల వంచి, బిడ్డ నుదుటి మీద మెల్లగా ఊదారు.