కొండవైపు పక్క

నాయనకు ఎడమ కాలూ చెయ్యీ పడిపోయిన ఏడాది నేను తిరుపతిలో ఒక ఆఫీసులో గుమాస్తాను. నా భార్య చంద్రగిరి బడిలో టీచరు, పొద్దున్నే బస్సెక్కేది. పగలు నాయనను చూసుకోవడానికి ఒకావిడను కుదుర్చుకున్నాం. చిత్తూరులో ఏదో ఆసుపత్రిలో చాలా ఏళ్లు ఆయాగా చేసిందట. క్రైస్తవురాలు కాబట్టి ఆదివారం సెలవు. ఆ ఒక్కరోజు పని నాది.

డాక్టరు ఒకటే చెప్పాడు. రెండు గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, లేకపోతే ఒంటికి పుండ్లు పడతాయి, ఈ వయసులో పడితే మానవు. ఆ మాట విన్న దగ్గరనుంచి నేను ఆవిడను నమ్మడం మానేశాను. ఒంటికి రాసే కొబ్బరినూనె సీసాకు పెన్సిలుతో గీత పెట్టాను. పౌడరు డబ్బా ఊపి చూసేవాడిని. నోటుపుస్తకంలో గళ్లు కట్టి, తిప్పినప్పుడల్లా ఒక గీత గీయమన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి నాయన మొహం కంటే ముందు ఆ పుస్తకం మొహం చూసేవాడిని. గీతలు తగ్గితే పని ఎగ్గొట్టిందని అనుమానం. లెక్కకు సరిపోతే అన్నీ ఒకేసారి గీసిందని అనుమానం. ఆవిడకు ఆదివారమైనా సెలవుండేది, నా అనుమానానికి అదీ లేదు.

పైగా నాయన ఫిర్యాదు ఒకటి. ఆయన మంచం ఉత్తరపు కిటికీ పక్కన ఉండేది. కుడి పక్కకు పడుకుంటే తిరుమల కొండ కనిపిస్తుంది, ఎడమ పక్కకు పడుకుంటే గోడ.

“ఆమె నన్ను గోడకల్లా తిప్పతాది రా. స్వామికి వీపు పెట్టి పండుకోమంటాది.”

తన దేవుడు కాదు గదా, కావాలనే తిప్పుతోందేమో అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ అప్పుడది నాకు గొప్ప తెలివిగా తోచింది. అందుకే నా ఆదివారాల్లో ఆయనను కొండవైపే ఉంచేవాడిని. ఆయన గోవిందా అనుకుంటూ హాయిగా ఉండేవాడు. నేను పేపరు చదువుకుంటూ పుణ్యం కట్టుకునేవాడిని. ఆదివారం గళ్లు ఖాళీ. కన్నకొడుక్కి గీతలేమిటి?

ఒక సోమవారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఆఫీసునుంచి వచ్చి, చెప్పులు వీధిలోనే విడిచి, తలుపు సందులోంచి చూశాను. నాయన గోడవైపు ఉన్నాడు. కొండవైపు తిప్పమని బతిమాలుతున్నాడు.

“ఇంకొంచేపు ఉండు పెద్దాయనా,” అంటోంది ఆవిడ.

లోపలికి వెళ్లి, రేపటినుంచి రావద్దన్నాను.

ఆవిడ చేతిలోని తడిగుడ్డ పిండి దండెం మీద ఆరేసింది.

“సరే సామీ. పొయ్యేముందు ఒక తూరి ఇట్లొచ్చి సూడండి.”

నాయన వద్దువద్దంటున్నా పంచె కొంచెం పక్కకు జరిపింది. కుడి తుంటి మీద వడంత ఎరుపు.

“శనివారం సాయంత్రం ఇది లేదు. ఈ పొద్దు వచ్చి సూస్తే ఉండాది. పోయిన సోమవారమూ ఇంతే. ఇది తగ్గేదాకా ఆ పక్క ఎట్ల పండుకోబెట్టేది?”

“మరి నాకు చెప్పలేదే?”

“మీ పుస్తకంలో దీనికి గడి యాడుండాది సామీ?”

నాయన గోడను చూస్తూనే అన్నాడు. “నేనే చెప్పొద్దన్నాను. తెలిస్తే నువ్వు ఆదివారం గూడా తిప్పేస్తావు గదరా.”

ఆరు రోజులు ఆవిడ కాపాడిన ఒంటిని ఏడో రోజు నేను పాడు చేస్తున్నాను.  “వెళ్లొద్దు, ఉండమ్మా” అన్నాను.

“ఉంటాను. అయితే సోమవారం సోమవారం నేను సూస్తాను. మిమ్మల్ని అడగతాను.”

తర్వాతి ఆదివారం నాయనను తిప్పాను. “నువ్వు గూడా ఆమె జట్టేనా” అని ఆయన మాట్లాడటం మానేశాడు. మధ్యాహ్నం తర్వాత నాకు జాలి వేసింది. జాలితోపాటు నిద్ర కూడా వచ్చింది.

సోమవారం ఆవిడ చేతిసంచి కింద పెట్టకముందే పంచె జరిపి చూసింది. ఎరుపు ఈసారి గోరంతే ఉంది.

“ఎన్ని తూర్లు తిప్పినారు?”

“ఆరు,” అన్నాను.

ఆవిడ నావైపు చూడలేదు. మంచం మీదికి వంగింది.

“నిజమేనా పెద్దాయనా?”

నాయన కుడిచేతి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

“నాలుగు,” అన్నాడు.