మేం రావడం లే...

మామగారిని మనసులో తిట్టుకునేవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. ఆయన మామగారు కాకముందే, మేడెక్కి, కాలనీ అంతటికీ వినబడేలా తిట్టిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఫోన్లకి బొత్తాలుండే రోజులవి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నాన్నగారి క్వార్టర్లో ఉండేవాళ్ళం. ఒక కంపెనీ కారుచవక ప్లాను పెట్టింది. వాళ్ళ సిమ్ము నుంచి వాళ్ళ సిమ్ముకి ఎంతసేపు మాట్లాడినా ఉచితం! నేను మహామేధావిలా ఇంటింటికీ తిరిగి అందరిచేతా కొనిపించాను. ఇంకేముంది? ఉన్న ఒక్క టవరూ పండగనాటి జనరల్ బోగీలా కిక్కిరిసిపోయింది. మా అమ్మయితే పక్కింటి లక్ష్మత్తతో కూడా ఫోనులోనే కబుర్లు.

"గోడవతలే కదమ్మా ఉంది?"

"ఉంతే ఏటి? ఫ్రీయే కదా!"

సరిగ్గా అప్పుడే సుగుణ వాళ్ళ నాన్నగారు మా ఇల్లు చూడ్డానికి విజయనగరంలో రైలెక్కారు. సుగుణను నేను అంతకుముందే పెళ్ళిచూపుల్లో చూసి మనసు పారేసుకున్నాను. ఇక ఆయన సరే అంటే ముహూర్తమే. అమ్మ పొద్దున్నే బూరెలు వండింది. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాను. ఫోను మోగింది.

"బాబూ... రాయపూర్లో బండి... మేం రావడం లే..."

టప్పున తెగిపోయింది. 'లే' తర్వాత ఏమొస్తుంది? 'లేదు' వస్తుంది. మీరైనా అంతే అనుకుంటారు. తిరిగి చేస్తే నెట్‌వర్క్ బిజీ.

"ఏట్రా, ఏటన్నారు?" అంది అమ్మ.

"రారట. రాయపూర్ దాకా వచ్చి వెనక్కి పోతున్నారట!"

"అచ్ఛా! నా కొడుక్కేటి తక్కువైనాదట?" అని అమ్మ బూరెలన్నీ లక్ష్మత్తకిచ్చేసింది.

నేను చొక్కా విసిరేసి, లుంగీ బనీనుతో సిగ్నల్ కోసం మేడెక్కాను. నొక్కీ నొక్కీ వేలు వాచాక, మధ్యాహ్నానికి లైను దొరికింది. ఆయన హలో అనేలోపే అందుకున్నాను.

"సగం దారిలోంచి వెనక్కి పోతారా? ఇదేం పెద్దరికమండీ? మీ బుద్ధి మీ అమ్మాయికి రాలేదు కాబట్టి సరిపోయింది!"

"బాబూ..." ఆ గొంతు ఫోనులోంచీ వచ్చింది, కింద వీధిలోంచీ వచ్చింది.

వంగి చూశాను. ఆటో పక్కన, చేతిసంచీతో, చెవి దగ్గర ఫోనుతో సాక్షాత్తూ ఆయనే!

"మేం రావడం లేటవుతాదని సెప్పినాను. ఇంక ఫోను కట్టీ బాబూ, నీ గొంతు ఉత్తినే ఇనబడతంది."

అమ్మ బూరెల కోసం లక్ష్మత్తకి ఫోను చేసింది. నెట్‌వర్క్ బిజీ. చివరికి గోడ మీంచే అరిచింది. మిగిలిన నాలుగు బూరెలూ ఆయన నింపాదిగా తిన్నారు. ఆలోగా నేను విసిరేసిన చొక్కా వెతికి తొడుక్కున్నాను. చెయ్యి కడుక్కుని అప్పుడన్నారు:

"మా పిల్ల కోసం నన్నే ఇన్ని తిట్టినోడు, దాన్ని బాగానే సూసుకుంతాడు. ముహూర్తం పెట్టించండి."

కాబట్టి పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చవక ప్లానని చెప్పి ఇక ఎవరిచేతా సిమ్ము కొనిపించను. క్రియాపదం చెవిన పడేదాకా పెద్దవాళ్ళను తిట్టను.