మిల్లు చప్పుడు ఆగితే

పోయిన వారం సూర్యాపేటలో మా అమ్మాయి ఇంట్లో అందరూ టీవీలో ఏదో సినిమా చూస్తుండగా, ఒక దృశ్యంలో ఉన్నట్టుండి సంగీతమూ మాటలూ అన్నీ ఆగిపోయి, కెమెరా ఒక ఆడమనిషి ముఖం వైపు మెల్లగా పాకడం మొదలుపెట్టేసరికి నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఈ వయసులో సినిమాకు భయమేమిటని మనవరాళ్ళు నవ్వారు. మన ఈడువాళ్ళయితే నవ్వరు, పక్కన కూర్చోబెట్టుకుని సంగతేమిటని అడుగుతారు.

నాకు కొత్తగా పంతులమ్మ ఉద్యోగం వచ్చి మిర్యాలగూడలో మా మేనత్త ఇంట్లో ఉంటున్న రోజులవి. మామయ్య వీధి చివరి బియ్యం మిల్లులో ఇంజను దగ్గర పనిచేసేవాడు. ఇంజను నుంచి యంత్రాల దాకా తిరిగే వెడల్పాటి బెల్టుకు అప్పట్లో అడ్డంటూ ఏదీ ఉండేది కాదు. పంచె కొసో తువ్వాల కొసో అందులో చిక్కిందంటే మనిషి దక్కడని అందరికీ తెలుసు. అందుకే ఆ వీధి ఆడవాళ్ళు వంట చేస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా ఒక చెవి మిల్లు చప్పుడు మీదే ఉంచేవారు. వేళ కాని వేళ అది ఆగిందంటే లోపల ఎవరికో ఏదో అయిందన్నమాట.

ఆ మిల్లులోకి సినిమావాళ్ళు వచ్చారు. మిల్లులో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలి వేషానికి, మామయ్యకు సద్ది తెచ్చిన మేనత్త ముఖం డైరెక్టరుకు నచ్చింది. నేనూ తోడు వెళ్ళాను. ఏడవాలి కాబోలని ఆమె సిద్ధపడితే ఆయన వద్దన్నాడు.

"ఏమీ చేయకండమ్మా. పొయ్యి మీద పాలు మరిచిపోయి వచ్చానని గుర్తొచ్చిందనుకోండి. కదలకుండా ఆ గుమ్మం వైపు చూడండి, చాలు."

పట్టాల మీద చిన్న బండి, బండి మీద కెమెరా, చీమ నడకన ఆమె ముఖం దాకా వచ్చి ఆగింది. ఇంతేనా సినిమా అని ఇంటికొచ్చి నవ్వుకున్నాం.

ఆ సినిమా కోదాడలో ఆడుతోందని తెలిసి ముగ్గురం మ్యాట్నీకి వెళ్ళాం. తెర మీద ముందు గిర్రున తిరిగే బెల్టు, దాని పక్కనే ఊగుతున్న ఒక తువ్వాల, ఆ వెంటనే మేనత్త ముఖం. అంతలో మిల్లు చప్పుడు ఆగిపోయింది. కెమెరా దగ్గరికి వస్తూనే ఉంది, ఆమె కదలదు, రెప్ప వేయదు. మనిషి చనిపోవడం ఎక్కడా చూపలేదు. పాల గురించి ఆలోచించిన ఆ ముఖమే, బెల్టు పక్కన చేరి, చప్పుడు పోగానే, చావును చూసిన ముఖమైపోయింది. ఎలా తీశారో కళ్ళారా చూసినదాన్ని, అయినా హాలంతటితో పాటు నేనూ ఊపిరి బిగబట్టాను. మేనత్త అయితే తన ముఖం చూసి తానే జడుసుకుని, మామయ్య భుజం మీది తువ్వాల లాగేసి ఒళ్ళో దాచుకుంది. ఆ తర్వాత ఆయనను ఎన్నడూ తువ్వాలతో మిల్లుకు పోనివ్వలేదు.

కొన్నాళ్ళకు, ఒక ఆదివారం పొద్దున, నిజంగానే చప్పుడు ఆగింది. అది అన్నానికి ఆపే వేళ కాదు. నేను గబుక్కున మేనత్త ముఖం చూశాను, తెర మీద చూసినట్టే ఉంటుందేమోనని. అలా లేదు. ఆమె అప్పటికే పరుగెత్తుతోంది. ఒక కాలికే చెప్పు, చేతిలో గరిటె, "సప్పుడు ఆగింది, సప్పుడు ఆగింది" అని ఎవరికో చెబుతున్నట్టు అంటూనే ఉంది. ప్రతి గుమ్మంలోంచీ ఆడవాళ్ళు బయటికొచ్చారు. నేనూ వెనకాలే పరుగెత్తాను.

బెల్టు తెగి, దాని కొస మామయ్య మోచేతిని చీరుకుని పోయిందట. ఆయన ఊక కుప్ప పక్కన కూర్చుని నెత్తురు కడిగించుకుంటున్నాడు.

"బెల్టు తెగింది, గంతే. నాకేం కాలే," అన్నాడు.

మేనత్త అక్కడే కూలబడింది. నా వైపు తిరిగి, "గా సినిమాల కదలకుంట నిలవడ్డ గద బిడ్డా. నిజంగ అయితే మనిషన్నది గట్ల నిలవడ్తదా?" అంది.

నిలబడదు. కానీ ఆమె పరుగును ఉన్నదున్నట్టు తీసి ఉంటే హాలంతా అలా ఊపిరి బిగబట్టేదా అని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. కదలని ముఖం మీదికి మెల్లగా వచ్చిన ఆ కెమెరాలో ఉన్నది ఆమె భయం కాదు, చూస్తున్న మా అందరిదీ.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఈమధ్య మిర్యాలగూడ వెళ్తే మిల్లులన్నీ ఎత్తైన రేకుల గోడల వెనక, బెల్టులకు ఇనుప మూతలు వేసుకుని ఉన్నాయి. ఆ వీధిలో ఎంతసేపు ఆలకించినా లారీల రొద తప్ప, ఏ మిల్లు నడుస్తోందో ఏది ఆగిందో తెలియలేదు. మంచిదే, ఆ భయం ఎవరికీ వద్దు. అయినా లోపల పనిచేసే ఒక్క మనిషి కోసం వీధి వీధంతా చెవి ఒగ్గి వంట చేసుకున్న రోజులు గుర్తొచ్చి, ఎండలో కాసేపు అక్కడే ఉండిపోయాను.