తండ్రి ఉండగా తీసిన మీసం

పోలారావు మొదటిసారి మీసం తీయించుకున్నది టెక్కలిలో, 1912 వేసవిలో. అప్పటికి అతని వయసు ఇరవై రెండు. ఉమాపతి మాస్టారు బడి ఉద్యోగం వదిలేసి మహేంద్రగిరి నాటక సమాజం అని కొత్తగా కంపెనీ పెట్టాడు. రాజు దొరికాడు, మంత్రి దొరికాడు, రాణి దొరకలేదు. ఆడవాళ్ళు స్టేజీ ఎక్కే రోజులు కావవి. పోలారావు గొంతు తేలిగ్గా పై స్థాయికి వెళ్ళేది. పద్యం రెండుసార్లు వింటే నోటికి వచ్చేసేది. అడ్డం వచ్చింది మీసం ఒక్కటే. దాన్ని మంగలి రెండు నిమిషాల్లో తీసేశాడు.

తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తారు. ఆ ఉద్దానం పల్లెల్లో ఈ సంగతి ఒకరు చెబితే ఒకరు నేర్చుకునేది కాదు. పోలారావు తండ్రి సన్యాసయ్య పూండికి తూర్పున కొబ్బరితోటల్లో నిక్షేపంగా ఉన్నాడు. కొడుకు నున్నటి మూతితో వాకిట్లోకి వచ్చేసరికి, నేలలో పాతిన ఇనుపమొనకి కాయలు గుచ్చి పీచు తీస్తున్నాడు. చేతిలో కాయ దించలేదు.

"ఎవలికి కర్మ సేసి వత్తన్నావురా?"

"ఏసం కోసం అయ్యా. నాటకంలో..."

"నాను బతికుండగానే కాటికి పంపీసినావన్న మాట. ఆ మూతితో నా కంటికి కనపడకు."

ఆ మాట పదకొండేళ్ళు చెల్లింది. పోలారావు ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. పెరటి దారిన వచ్చి పశువులశాల అరుగు మీద అన్నం తినేవాడు. కొడుకు గొంతు వినపడితే సన్యాసయ్య తోటలోకి వెళ్ళిపోయేవాడు. ఇద్దరి మధ్యా తిరిగింది పోలారావు భార్య చిన్నతల్లి. "మీ ఆయన ఎప్పుడొచ్చాడే?" అని ఇరుగుపొరుగు అడిగితే, "మా ఇంటికి మొగోడు మా మావొక్కడే. మిగతా ఇద్దరం ఆడోల్లమే" అనేది. నవ్వుతూనే అనేది. పోలారావు ట్రంకుపెట్టెలో తనకన్నా మంచి చీరలున్నాయని ఆమెకు తెలుసు.

కంపెనీ ఒకచోట నిలిచేది కాదు. వెదురుబొంగులకు చుట్టిన తెరలు రైలు పెట్టెలో పట్టేవి కావు. అవి ముందురోజే ఎడ్లబండ్ల మీద బయల్దేరేవి. నౌపడలో ఉప్పుగాలికి కిరీటాల జరీ నల్లబడేది. కొబ్బరాకుల పందిరి వేస్తే వాన వచ్చేది, వేయకపోతే ఎండ కాసేది. ఏటా ఎవరో ఒకరు రంగూన్ పడవ ఎక్కేసేవారు. ఒక ఏడు రాజు వెళ్ళిపోయాడు, మరో ఏడు హార్మోనిస్టు. రాజు వేషానికి కొత్త మనిషిని వారంలో తయారుచేసేవాడు మాస్టారు. రాణి మాత్రం మారలేదు. బోర్డు మీద పోలారావు పేరు లేకపోతే ఏ ఊరివాళ్ళూ పందిరికి రాటలు కూడా ఇచ్చేవారు కాదు.

1923 కార్తీకంలో పలాసలో వారం రోజుల ఆటలు ఒప్పుకున్నారు. రెండో రోజు పొద్దున్న కొబ్బరి బండివాడు చిన్నతల్లి కబురు తెచ్చాడు. "మీ అయ్య మంచం ఎక్కీసినాడు. దగ్గు తెగట్నేదు. నిన్ను సూత్తానంటన్నాడు. మీసంతో రమ్మన్నాడు."

ఆ రోజునుంచి పోలారావు మూతికి కత్తి తగలనివ్వలేదు. మొదటి రోజు పౌడరు కప్పేసింది. రెండో రోజు రెండు పూతలు వేశారు. మూడో రోజు రాణి ఏడుస్తూ పద్యం అందుకునేసరికి చెమటకు పౌడరు జారింది. ముందు చాపల మీంచి ఒకడు కేకేశాడు:

"రాణీగారికి గెడ్డమొచ్చింది బావో!"

"దుఃఖంలో ఉంది కదరా, గీసుకోనేదు" అన్నాడు పక్కవాడు.

పందిరంతా పడి నవ్వింది. తెర దించేశారు. మర్నాడు ఉమాపతి మాస్టారు పోలారావుని పలాస స్టేషను దాకా సాగనంపాడు. కోపంగా లేడు, అలసిపోయి ఉన్నాడు.

"కంచిలిలో నెల రోజులు కాసుకుని కూర్చుంటాం పోలారావూ. అంతకంటే ఆగితే మనుషులు నిలవరు. కంపెనీ ఉండదు. ఈలోగా నువ్వు రావాలి. వచ్చేటప్పుడు అది ఉండకూడదు" అన్నాడు, మూతికేసి చూపిస్తూ.

అప్పటికి ఉన్నది మాసిన నీడ మాత్రమే. దానితో వెళితే తండ్రి ఊరుకోడు. పోలారావు నౌపడలో మేనమామ ఇంట్లో పన్నెండు రోజులు గడిపాడు. ఉప్పుమడుల గట్ల మీద అటూ ఇటూ తిరుగుతూ, గంటకోసారి పైపెదవి తడుముకుంటూ. ఈలోగా తండ్రి పోతే ఏమిటన్న భయం ఒకటి. నెలలో పన్నెండు రోజులు ఇక్కడే పోయాయన్న బాధ ఒకటి.

ఇంటికి చేరగానే సన్యాసయ్య కొడుకుని మంచం దగ్గరకు వంగమన్నాడు. వేలు నాలికకు తడిచేసుకుని కొడుకు మూతి మీద గట్టిగా రుద్దాడు. తర్వాత వేలికేసి చూసుకున్నాడు.

"మసి రాసుకొచ్చినావేమో అనుకున్నాన్రా."

"కాదయ్యా."

"నిజంవే. కూకో."

పదకొండేళ్ళ తర్వాత పోలారావు ముందు వసారాలో కూర్చుని అన్నం తిన్నాడు. చిన్నతల్లి వడ్డిస్తూ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. చెయ్యి కడుక్కోక ముందే తండ్రి అడిగాడు: "నాను పోయేదాకా ఉంచుతావా?" పోలారావు ఉంచుతానన్నాడు. ఆ పూట అది చాలా చిన్న మాటగా తోచింది. ముసలాయన నాలుగు రోజులకు మించడని ఊరంతా అంటోంది.

నాలుగు రోజులు దాటాయి, పది దాటాయి. సన్యాసయ్య పోలేదు, లేవనూ లేదు. గంజి తాగేవాడు, దగ్గేవాడు, మళ్ళీ పడుకునేవాడు. పోలారావు రోజూ పూండి స్టేషనుకు నడిచి వెళ్ళి, కంచిలి వైపు పోయే బండి చూసి తిరిగొచ్చేవాడు. ఒకరోజు బండిలోంచి తెలిసినవాడు కేకేసి చెప్పాడు: మంత్రి వేషగాడు రంగూన్ వెళ్ళిపోయాడు, మిగిలినవాళ్ళు సత్రంలో గంజి తాగుతున్నారు, మాస్టారు ఎవరో జనార్దనరావుకి రాణి నడక నేర్పుతున్నాడు. ఆ రోజు పోలారావు తోటలో ఒంటరిగా రాణి నడక నడిచి చూసుకున్నాడు. మడమ తడబడింది. మూతిమీద మాత్రం మీసం కోరలా నిలబడింది. అద్దంలో చూసుకుంటే అచ్చం తండ్రి ముఖం.

మాస్టారు ఇచ్చిన నెల గడువుకు రెండు రోజులుండగా వైద్యుడు వచ్చి నాడి చూశాడు. పోలారావు ఆయన వెనకాలే వాకిట్లోకి వెళ్ళి ఏదో అడిగాడు. ఆయన చేతులు తిప్పి వెళ్ళిపోయాడు. గుమ్మంలో చిన్నతల్లి నిలబడి ఉంది.

"బాగుపడతాడా అని అడగనేదు నువ్వు. ఇంకెన్నాల్లు అని అడిగినావు" అంది.

తండ్రి మంచం గుమ్మానికి ఆనుకునే ఉంది. లోపల దగ్గు ఆగింది.

మర్నాడు పొద్దున్నే సన్యాసయ్య మంగలి రామూర్తిని పిలిపించాడు. తనకే గీయించుకుంటాడనుకుని రామూర్తి నీళ్ళగిన్నె మంచం దగ్గర పెట్టాడు.

"నాకు కాదురా, ఆడికి. మీసం తీసీ."

రామూర్తి కత్తి తెరవలేదు. "మీరుండగా తప్పు కదా బాబూ."

"ఏటి తప్పు? పదకొండేళ్ళు ఈడికి మీసం నేదు. నాకేటయింది? తోటలో ఎనబై సెట్లూ ఎక్కినాను. ఈడు మీసం పెంచిన కాడినించి నాను మంచం దిగనేదు. ఆ మీసవే నాకు రోగం. తీసీమంటన్నాను కదా."

ఆయన మంచం ఎక్కిన తర్వాతే మీసం మొలిచిందని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. రామూర్తి కత్తి నూరుతుంటే ముసలాయన గోడవైపు తిరిగి పడుకుని మళ్ళీ అన్నాడు:

"ఇంకెన్నాల్లని నా ఊపిరి నెక్కెడతన్నాడురా రామూర్తీ. కొడుకు నెక్కెడతంటే నాకు ఊపిరి ఎలాగాడతాది?"

పోలారావు కదలకుండా కూర్చుని గీయించుకున్నాడు. తండ్రి కాళ్ళకు దండం పెట్టాడు. తండ్రి కాళ్ళు ముడుచుకోలేదు, దీవించనూ లేదు. మధ్యాహ్నం బండికి కంచిలి వెళ్ళాడు.

రాణి కిరీటం అప్పటికే జనార్దనరావు తలకు సరిపెట్టి కుట్టేశారు. ఉమాపతి మాస్టారు కళ్ళు దించుకుని, "ఈ ఆటకి చెలికత్తె వేషం కట్టు" అన్నాడు. పోలారావు కట్టాడు. మరుసటి ఆటకీ అదే కట్టాడు. కంపెనీ ఇంకో రెండేళ్ళు తిరిగింది. తర్వాత బారువ దగ్గర తుఫానులో బండ్లతో పాటు తెరలూ తడిసి రంగులన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. మాస్టారు బడికి తిరిగి వెళ్ళాడు. పోలారావు కొబ్బరితోటకు వెళ్ళాడు. పెరటి దారిన కాదు, వాకిట్లోంచే. నున్నటి మూతితోనే.

సన్యాసయ్య ఆ రోగం నుంచి లేచి అయిదేళ్ళు బతికాడు. కొడుకు మీసం తీయిస్తే దగ్గు తగ్గిందని నలుగురికీ చెప్పేవాడు. ఆ తర్వాత ఒక మాఘంలో, ఎండలో కూర్చుని ఉండగా పోయాడు.

పదో రోజున రామూర్తే వచ్చాడు. పోలారావు తల గొరిగి, అలవాటు ప్రకారం తడివేళ్ళు పైపెదవి మీదికి తెచ్చాడు. ఆగిపోయి, చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"ఇది మనం ఎప్పుడో తీసీసినాం కదా బాబూ" అన్నాడు.